అప్‌డేట్: జనగామ నుంచి హైదరాబాద్ జూకి బస్సుల్లోనే వెళ్ళొచ్చాం

నేను, అత్తయ్య, ఇద్దరు ఆడపిల్లలు కలిసి 1,500 రూపాయల్లో నెహ్రూ జూపార్కు చూసి రాగలమా అని ఇక్కడ అడిగాను. నిన్న వెళ్ళొచ్చాం. సలహాలు ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు.

ముందుగా, "సోమవారం జూకి సెలవు" అని హెచ్చరించిన వారికి ప్రత్యేకంగా. మేము అనుకున్నది సోమవారమే! మంగళవారానికి మార్చుకున్నాం.

బాగా పనికొచ్చింది మహాలక్ష్మి పథకం (తెలంగాణ ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణం) గురించి చెప్పిన సలహా. నేను రైలు ఛార్జీలు లెక్కేసుకుంటూ కూర్చున్నాను. ఎక్స్‌ప్రెస్ బస్సులో ఉప్పల్ దాకా, సిటీ బస్సులో సికింద్రాబాద్, అక్కడి నుంచి 7జెడ్ నంబరు బస్సులో జూపార్కు. అన్నిటికీ జీరో టికెట్టే. పిల్లల ఆధార్ కార్డులు కూడా తీసుకెళ్ళండి, తెలంగాణ చిరునామా ఉండాలి. సూపర్ లగ్జరీలో ఇది చెల్లదు, ఎక్కేముందు బోర్డు చూసుకోండి.

ప్రవేశానికి పెద్దలకు 100, పిల్లలకు 50 చొప్పున 300 అయింది. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి బ్యాటరీ బండి ఎక్కాం. ఆ డబ్బు దండగ అనిపించలేదు, అంత పెద్ద పార్కు ఆవిడ నడవలేరు. తెల్లపులి దగ్గర పిల్లలకంటే ఆవిడే ఎక్కువసేపు నిలబడ్డారు. పులిహోర స్టీలు డబ్బాల్లో ఇంటి నుంచే పట్టుకెళ్ళాం. టీలు, చిరుతిళ్ళు అన్నీ కలిపి 1,100 లోపే.

మెట్రో గురించి అంత ఆలోచించాను కానీ అవసరమే పడలేదు. టికెట్ క్యూ టెన్షన్ కూడా అంతే, పది నిమిషాల్లో లోపల ఉన్నాం. సాయంత్రం తిరుగు బస్సుల్లో మాత్రం రద్దీ ఎక్కువ. పెద్దవాళ్ళుంటే నాలుగింటికే బయల్దేరండి.