సమస్య: శనినిఁ బట్టి తెచ్చి సంతసించె

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాం. జాతకంలో శనిని కాక, పెరటి దుర్భిణితో ఫొటో తీసిన శనిని పట్టుకోవాలి.

మొదటి పూరణ:

పెరటఁ గెమెర పెట్టి పిన్నవాఁ డొక్కండు
వేయి చిత్రములను వేరు చేసి
మేలి బొమ్మ లేరి మేళవించి యొకట
శనినిఁ బట్టి తెచ్చి సంతసించె

పృచ్ఛకుడు: పద్ధతి తెలిసి రాశారు. గాలి తెరలు కదులుతుంటే శని అంచు వణుకుతుంది. అందుకే ఒక్క ఫొటో కాదు, వీడియో తీసి, గాలి నిలిచిన క్షణాల ఫ్రేములు ఏరి పేరుస్తారు. వేయి అన్నది తక్కువే, వేలల్లో వస్తాయి. కానీ దుర్భిణి ఏదండీ? ఉత్త కెమెరాకు శని చుక్కే. "పెరట దుర్భిణిఁ గొని" అంటే గణాలూ సరిపోతాయి.

కవి: సవరించానండీ. పేర్చి పదును పెట్టాక, ఖగోళ శాస్త్రవేత్త కాసినీ 1675లో శని వలయాల మధ్య చూసిన ఖాళీ కూడా తేలుతుంది. పద్యంలో చోటు చాల్లేదు.

రెండో పూరణ:

వలయ మెల్ల గీత వలె మారె నీ యేఁడు
చెలులు నవ్వినారు చిత్రమనుచు
ఐన నొక్కఁ డోపి యా గీతనే గాచి
శనినిఁ బట్టి తెచ్చి సంతసించె

ఒక సభ్యుడు: గీతను పట్టి సంతోషమా!

పృచ్ఛకుడు: ఎందుకు కాదు? వలయాల వెడల్పు రెండున్నర లక్షల కిలోమీటర్లకు పైనే, మందం చాలాచోట్ల పదుల మీటర్లే. పక్కవాటుగా, అంచు మనవైపుకు తిరిగితే మాయమే. 1610లో శని పక్కన రెండు బుడిపెలు చూసిన గెలీలియో, 1612లో అవి లేకపోయేసరికి తికమకపడ్డాడు. 2025లోనూ అలాగే తిరిగింది. ఆ ఏడే శని ఉపగ్రహం టైటాన్ నీడ శని మీదుగా జారింది. ఆ నీడను పద్యంలోకి తెస్తే నవ్వినవాళ్ల నోరు మూతపడేది. "ఈ యేఁడు" బదులు "ఆ యేఁడు" నయం.

మూడో పూరణ:

జాతకమున శనికి జడిసిన మనుజుండు
రాత్రి మేడ నెక్కి లెన్సు మార్చి
వీడియోను తీసి వేడుకగా నేఁడు
శనినిఁ బట్టి తెచ్చి సంతసించె

పృచ్ఛకుడు: ఎత్తుగడ ముగ్గురిలోకీ ఇదే బాగుంది. రెండో పాదంలో రా-లె యతి చెల్లదు. "లేచి మేడ నెక్కి లెన్సు మార్చి" అనండి. ఇంకో మాట. బొమ్మను ఇంకా పెద్దది చేయడానికి దుర్భిణికి తగిలించే బార్లో లెన్సు, శనితోపాటు గాలి వణుకునూ పెద్దది చేస్తుంది. గాలి బాగోని రాత్రి దాన్ని తీసెయ్యడమే మేలు.

వచ్చే సమస్య, ఇదీ ఆటవెలదే: "గురుని మరకఁ జూచి గుండె నిండె." గురుడు పది గంటల్లోపే తన చుట్టూ తాను ఒకసారి తిరుగుతాడు, నిమిషాల తరబడి వీడియో తీస్తే ఆ ఎర్ర మచ్చ అలుక్కుపోతుంది. అది తెలిసిన పూరణకే నా ఓటు.