అబుదాబి అల్ బహర్ టవర్ల కదిలే తెరలు: మష్రబియాకు వారసులా, ఆర్భాటమా?

ఎండమావి: 2012లో పూర్తయిన ఈ జంట టవర్లలో ఒక్కోదానికి వెయ్యికి పైగా గొడుగుల్లాంటి తెరలున్నాయి. పొద్దు ఎటుంటే అటువైపువి విచ్చుకుని అద్దాలకు నీడ పడతాయి, ఎండ దాటాక ముడుచుకుంటాయి. పాత కైరో ఇళ్ల మష్రబియాయే దీనికి స్ఫూర్తి అంటారు. నాకైతే ఇది పేరుకే వారసత్వం. మష్రబియా అంటే తరిణె పట్టిన చిన్న చిన్న కర్రముక్కలు కూర్చి చేసిన జాలీ కిటికీ. ఎండను ఆపి గాలిని రానిచ్చేది. లోపలి ఆడవాళ్లు వీధిని చూడగలరు, వీధిలోవారికి వాళ్లు కనబడరు. అరబ్బీలో 'షరిబ' అంటే తాగడం. అక్కడ మంచినీళ్ల కూజాలు పెట్టేవారు కనుకే ఆ పేరు వచ్చిందని చెబుతారు. చెమర్చిన కూజా మీదుగా వచ్చే గాలి చల్లగా ఉండేది. ఇక్కడ గాలి ఏది? కూజా ఏది? నిలువెల్లా అద్దం తొడిగి, ఆపైన దానికి గొడుగు పట్టడమెందుకు?

నీడపట్టు: కూజా ముచ్చట బాగుందండీ. కానీ కైరోది పొడి గాలి, అబుదాబిది సముద్రతీరం. వేసవి ఉక్కలో కూజా చెమర్చినా ఏం చల్లబడుతుంది? 145 మీటర్ల భవనంలో పైఅంతస్తు కిటికీలు తెరిస్తే కాగితాలు ఏరుకోవడానికే ఒక ఉద్యోగిని పెట్టాలి. తెర అద్దానికి బయట ఉండటమే ఇక్కడ కీలకం. లోపల కర్టెన్ వేసేసరికి వేడి గదిలోకి రానే వచ్చింది. లోపలికి చేరే ఎండవేడి సగానికి తగ్గుతుందని రూపకర్తల అంచనా.

పాతమేస్త్రీ: అంచనా సరే, మరమ్మతు మాటేమిటి? పారిస్‌లోని అరబ్ ప్రపంచ సంస్థ భవనానికి 1987లో కెమెరా కంటిపాపలా తెరుచుకుని మూసుకునే 240 పలకలు పెట్టారు. కాలక్రమంలో చాలావరకు మొరాయించాయి. అదే వాస్తుశిల్పి జాన్ నువెల్ దోహా టవర్‌కు అసలు కదలని అల్యూమినియం జాలీ తొడిగాడు. ఉత్తరాన పలుచగా, తూర్పు పడమరల్లో చిక్కగా. బుద్ధి వచ్చిందనుకోవాలి!

నీడపట్టు: పారిస్‌వి గడియారం లోపలి భాగాల్లాంటి సన్నని రేకులు, వాటితో వీటిని పోల్చకండి. కదలని జాలీకీ ఒక చిక్కుంది. పడమటి గదికి ఉదయం ఎండే ఉండదు, అయినా జాలీ వెలుతురును ఆపుతూనే ఉంటుంది. పగలే దీపాలు వేసుకోవాలి. ఇంకొకటి, అల్ బహర్ ఉత్తరం వైపున తెరలే పెట్టలేదు. అక్కడ ఎండ పెద్దగా పడదు కనుక.

ఎండమావి: ఉక్క సంగతి ఒప్పుకుంటున్నాను, కూజా తీసేయండి. కానీ దిక్కులు అంత బాగా తెలిసినవారు పడమట అద్దం తగ్గించి గోడ పెంచితే వెయ్యి గొడుగులూ కావాలా?