డ్రిప్పుకు సబ్సిడీ ఇస్తే బోర్లు బతుకుతాయా?

చీనీతోట (అనంతపురం): 2003 నుంచీ సూక్ష్మసేద్యం (డ్రిప్పు, స్ప్రింక్లర్ల) పథకం నడుస్తోంది. చిన్న రైతుకు 90 శాతం దాకా సబ్సిడీ. అయినా మా మండలంలో బోర్లు లోతుకు పోతూనే ఉన్నాయి. ఆ డబ్బు చెరువులకు, చెక్‌డ్యాములకు మళ్లిస్తే మేలని నా అభిప్రాయం. మీరేమంటారు?

గేట్‌వాల్వ్: డ్రిప్పును తిట్టకు అన్నా. కాలువ తీసి పారించే రోజుల్లో మా బోరుకు రెండెకరాల శనక్కాయ తడవడమే గగనం. ఇప్పుడదే బోరు మీద నాలుగెకరాల చీనీ (బత్తాయి) ఉంది. కలుపు తగ్గింది, ఎరువూ పైపులోనే పోతుంది. ఉడతలు లేటరల్ పైపులు కొరికేస్తాయి, ఉప్పు పేరుకుని డ్రిప్పర్లు మూసుకుపోతే యాసిడ్ పెట్టాలి. ఆ తలనొప్పులు సరే, వేరే దారేది?

చీనీతోట: రెండెకరాలు నాలుగయ్యాయని మీరే అన్నారు. ఇక భూమిలో మిగిలిందెక్కడ? శనక్కాయైతే వాన లేని ఏడాది వదిలేస్తాం. చీనీని మే నెలలో ఎండబెడితే ఏళ్ల కష్టం పోతుంది. 2004 నుంచి కరెంటూ ఉచితమే. ఆటోస్టార్టర్ ఉంటే మోటారు దానంతటదే తిరుగుతుంది.

పాలమూరు బిడ్డ: తెలంగాణ చెరువుల బాగుచేత పథకం మిషన్ కాకతీయలో మా చెరువు పూడిక తీశారు, ఆ మట్టి పొలాలకు తోలుకున్నాం. చెరువు నిండిన ఏడాది బావుల్లో నీళ్లొచ్చాయి. ఆ ఏడాదే కొత్త బోర్లూ పడ్డాయి!

నీటిలెక్క: మహారాష్ట్రలోని హివరే బజార్‌లో సాగుకు బోర్లు వేయకూడదని ఊరే కట్టుబాటు పెట్టుకుంది. పడిన వానను బట్టి ఏటా నీటి లెక్క వేసి, ఏ పంటలు వేయాలో నిర్ణయిస్తారు. చెరుకు, అరటి జోలికి పోరు. లెక్క లేకుండా డ్రిప్పు వేసినా, చెరువు తవ్వినా ఒకటే.

గేట్‌వాల్వ్: ఇక్కడా కొత్త బోరుకు అనుమతి కావాలనే వాల్టా చట్టం 2002 నుంచి ఉంది. అయినా రిగ్గు (బోరు వేసే బండి) రాత్రికి రాత్రే వచ్చి పోతుంది. ఉన్న బోర్లవాళ్లం ఆపుకుంటే, ఇంకా బోరే లేని రైతు మాటేంటి?

నీటిలెక్క: అసలు ప్రశ్న అదే. అనంతపురంలోనే కొన్ని ఊళ్లలో బోర్లన్నీ పైపులైనుతో కలిపి, బోరు లేనివాళ్ల వాన పంటకు బెట్టలో ఒకట్రెండు తడులిచ్చారు. బదులుగా కొత్త బోర్లు వేయబోమని అందరూ ఒప్పుకున్నారు. ఇది దానం కాదు. పక్క చేలో కొత్త బోరు పడితే మన బోరే ముందు ఎండేది. సబ్సిడీ ఆ పైపులైన్లకివ్వాలి.

చీనీతోట: పైపులైనుకు సరే. బోరు లేనివాడెవడైనా మాట తప్పి రిగ్గు పిలిస్తే?

నీటిలెక్క: అందుకే మొదటి తడి వాడికే ఇవ్వాలి.