కింబర్లీ వజ్రాల గనుల్లో పైకొచ్చిన వాళ్లంతా తెల్లవాళ్లే ఎందుకు?

పద్మ, పాలకొల్లు:
అమ్మాయి పెళ్లికి రవ్వల దుద్దులు చేయిద్దామని రాజమండ్రి వెళ్లాం. కొట్టాయన దక్షిణాఫ్రికా గనుల సంగతులు చెబుతూ, "కింబర్లీలో కష్టపడ్డవాడల్లా కోటీశ్వరుడయ్యాడు" అన్నాడు. మరి వజ్రాల గనుల యజమాని సెసిల్ రోడ్స్ లాంటి తెల్లదొరల పేర్లే ఎందుకు వినిపిస్తాయి? తెలిసినవాళ్లు చెప్పండి.

మాస్టారు, అమలాపురం:
పద్మమ్మా, కాలేజీలో చరిత్ర చెప్పినవాణ్ణి. ఈ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అక్కడ ఎక్కువ కష్టపడింది నల్లవాళ్లే. 1871లో తవ్వకాలు మొదలైనప్పుడు కొందరు నల్లవాళ్లకి కూడా సొంత తవ్వకం హక్కులుండేవి. తెల్లవాళ్లు గొడవ చేశారు. 1872 ఉత్తర్వుతో కూలీలకు పాసులొచ్చాయి (వెంట ఉంచుకోవాల్సిన అనుమతి చీటీలు), వజ్రాలు దాచారన్న అనుమానం వస్తే సోదాలొచ్చాయి. నల్లవాడు లైసెన్సు తెచ్చుకోవడం గగనమైంది.

సోదాల సంగతి వినండి. 1883లో తెల్ల కార్మికుల్ని కూడా సోదా చేస్తామంటే వాళ్లు సమ్మె కట్టారు, 1884లో మళ్లీ కట్టారు. ఆ తర్వాత బట్టలు విప్పించడం వాళ్లకు తప్పింది. నల్లవాళ్లకు తప్పలేదు. 1885 నుంచి వాళ్లను కాంపౌండ్లలో, అంటే చుట్టూ మూసేసిన కూలీల నివాసాల్లో, పెట్టి తాళం వేశారు. ఒప్పందం తీరేదాకా గని, కాంపౌండు, అంతే. వజ్రాలు బయటికి విసరకుండా పైన కూడా వల కట్టారు. ఇంటికి పంపేముందు కొన్ని రోజులు గదిలో పెట్టి, చేతులకు తోలు తొడుగులు బిగించి, విరేచనాల మందు పట్టేవారు. మింగిన రాయి బయటపడాలని! ఒళ్లు హూనం చేసుకున్న మనిషికి ఇదా మర్యాద?

శీను, కాకినాడ:
మాస్టారూ, మా పక్కనే కోరంగి రేవు. అక్కణ్ణుంచి ఓడలెక్కినవాళ్లు ఆ గనులకి కూడా వెళ్లారాండీ?

మాస్టారు, అమలాపురం:
కోరంగి వైపు నుంచి ఎక్కువమంది బర్మా, మారిషస్ వెళ్లారు బాబూ. 1860 నుంచి మద్రాసులో ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చేరినవాళ్లలో తెలుగువాళ్లు చాలామందే, కానీ వాళ్లది చెరకు తోటల పని. వజ్రాల గనుల్లో దిగింది పెడి, సోతో, త్సోంగా అనే అక్కడి నల్లజాతుల జనం. మొదట్లో చాలామంది తుపాకీ కొనుక్కునే డబ్బు కోసమే వచ్చారు, ఊరిని, భూముల్ని కాపాడుకోవాలని. ఈ సంగతి ఎవరూ చెప్పరు, అదే నా బాధ.

పద్మ, పాలకొల్లు:
పని నేర్చుకుని పైకి రాలేకపోయారా అని మా అబ్బాయి అడుగుతున్నాడండీ.

మాస్టారు, అమలాపురం:
నేర్చుకున్నా రానిస్తేగా అమ్మా! 1911 గనుల చట్టం కింద పెట్టిన నిబంధనలతో దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్, ఫ్రీ స్టేట్ రాష్ట్రాల్లో నైపుణ్యం ఉన్న పనులకి సర్టిఫికెట్లు తెల్లవాళ్లకే దక్కాయి. అక్కడా వజ్రాల గనులున్నాయి: 3,106 క్యారెట్ల కల్లినన్ వజ్రం 1905లో దొరికిన ప్రీమియర్ గని ట్రాన్స్‌వాల్‌లోదే. అబ్బాయిని ఆ చట్టం గురించి చదవమనండి. ఏమైనా సందేహం వస్తే ఇక్కడే అడగమనండి, చెబుతాను.