75 లక్షల్లో పెద్ద ఇల్లు: హనుమకొండలో ఫ్లాటా, భీమారం దాటి సొంత ఇల్లా?

బాలసముద్రం రెండో అంతస్తు

పదకొండేళ్ళ కిందట బాలసముద్రంలో రెండు పడకగదుల ఫ్లాటు కొన్నాం. అప్పుడు ముగ్గురం, ఇప్పుడు ఐదుగురం. నర్సంపేట దగ్గరి ఊరి నుంచి అమ్మ వచ్చేసింది. పాప పదో తరగతి, బాబు ఆరు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, మా భవనానికి లిఫ్టు లేదు. ఆమె మెట్లు దిగి పదిహేను రోజులైంది. ఉన్నది అమ్మి, 45 లక్షలు రుణం తీసుకుంటే చేతిలో 75 లక్షలు ఉంటాయి. నా ఉద్యోగం హనుమకొండలో, మా ఆవిడ కాజీపేటలో టీచరు.

చూసినవి మూడు. గోపాల్‌పూర్ వైపు ఇంకా కడుతున్న అపార్టుమెంటులో మూడు పడకగదుల ఫ్లాటు, 1,480 చదరపు అడుగులు, 70 లక్షలు. భీమారం దాటాక 150 గజాల్లో కొత్త ఇల్లు, 76 చెబుతున్నారు. హంటర్ రోడ్డు లోపలి కాలనీలో 170 గజాల్లో ఎనిమిదేళ్ళ ఇల్లు, పైన ఒక పోర్షను కూడా ఉంది, 64 లక్షలే. ఈ మూడోది చూసి వచ్చినప్పటి నుంచి మా ఆవిడకు సంతోషంతో నిద్ర లేదు. అంత తక్కువకు ఎందుకు ఇస్తున్నారా అని నాకూ నిద్ర లేదు. మీరైతే ఏది తీసుకుంటారు?

భీమారం మేడ

భూమి కొనండి సార్. ఆ ఫ్లాటుతో మీ పేరున రాసే భూమి వాటా ఎంతో అడిగారా? నలభై, నలభై ఐదు గజాలు రాస్తే గొప్ప. భవనం పాతబడ్డాక మిగిలేది అదే, దాన్ని వాడుకోవాలన్నా మిగతా ఫ్లాట్ల వాళ్ళందరూ ఒప్పుకోవాలి. పైగా 1,480లో మెట్లు, లిఫ్టు, వరండాల వాటా కలిపే ఉంటుంది. టేపు పట్టుకుని లోపల కొలవండి, పదకొండు, పన్నెండు వందలు వస్తే చాలు.

నేను 2016లో భీమారం వస్తుంటే అడవిలోకి పోతున్నావా అని చుట్టాలు నవ్వారు. ఇప్పుడు వాళ్ళే ఇక్కడ ప్లాటు చూడమని ఫోన్లు చేస్తున్నారు. అమ్మగారికి నేల మీద ఇల్లు, ముగ్గేసుకునే వాకిలి, ఒక జామచెట్టు. ఇంకేం కావాలి?

రెండో షిఫ్టు

ఇంకేం కావాలో నేను చెబుతాను అన్నా. రాత్రి పదింటికి ఆటో కావాలి. నేను నర్సును, హసన్‌పర్తి వైపు నాలుగేళ్ళు ఉన్నాను. డ్యూటీ దిగాక కేయూ క్రాస్ రోడ్డు దాకా ఏదో ఒకటి దొరికేది. అక్కడి నుంచి ఆటో నిండేదాకా నిలబడాలి, నిండకపోతే ఇద్దరి చార్జీ నేనే ఇచ్చుకోవాలి. చివరికి స్కూటీ కొన్నాను, ఆ తర్వాత వీధికుక్కల భయం మొదలైంది. అది వేరే కథ.

వచ్చే ఏడాది పాప ఇంటర్. కాలేజీ, ట్యూషన్ అన్నీ నయీంనగర్, హనుమకొండ చౌరస్తా చుట్టూనే. ఎవరు దింపుతారు, ఎవరు తెస్తారు? టీచరు గారు కాజీపేట వెళ్ళాలంటే రోజూ నగరం ఆ చివర నుంచి ఈ చివరకు రావాలి. పెద్దావిడకు జామచెట్టు బాగానే ఉంటుంది, కాని ఆ చెట్టు మోకాలికి సూది వేయదు.

భీమారం మేడ

అక్కా, ఇప్పుడు భీమారంలో మందుల షాపులు నాలుగున్నాయి.

రెండో షిఫ్టు

ఎముకల డాక్టరు ఎందరున్నారు?

మంచి బేరం

మూడో ఇల్లు వదలకండి సార్. 64 లక్షలకు 170 గజాలు, పై పోర్షను అద్దె అదనం! వరద గురించి ఎవరైనా భయపెడితే వినకండి. 2023 తర్వాత నయీంనగర్ నాలా వెడల్పు చేశారు, వంతెన కొత్తది కట్టారు. ముందు అడ్వాన్సు ఇచ్చి పెట్టుకోండి, వచ్చే నెలకు ఈ ధర ఉండదు.

నాలా పక్కింటివాడు

'మంచి బేరం' గారికి కమీషను ఒక శాతమా, రెండా? హంటర్ రోడ్డు ఇంటికి నయీంనగర్ నాలాతో పని ఏమిటండీ? అక్కడి కాలనీలను ముంచేది బొందివాగు. అది వేరే దారిన వచ్చి భద్రకాళి చెరువులో కలిసే నీరు. పక్క వీధిలో కప్పు బాగు చేయించి, మా ఇంట్లో వాన కారదని చెప్పినట్టుంది.

నేను ఆ వైపే ఉంటాను, వీధి పేరు రాయను. కాకతీయుల కాలం నుంచి ఈ ఊరు గొలుసుకట్టు చెరువుల మీద బతికింది. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్ళు కింది చెరువుకు, అది నిండితే దాని కింది దానికి వెళ్ళేవి. ఆ మత్తడి నీళ్ళు నడిచే దారిలో మనం కాలనీలు వేసుకుని వాటికి దేవుళ్ళ పేర్లు, నాయకుల పేర్లు పెట్టుకున్నాం. 2020 ఆగస్టులో మొదటిసారి మా వీధిలోకి వచ్చినప్పుడు గుమ్మం దగ్గరే ఆగాయి. మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకుని, ఇలాంటిది మళ్ళీ రాదులే అనుకున్నాం.

2023 జూలై 27న తెల్లవారుజామున వచ్చాయి. వరద గుమ్మంలోంచి వస్తుందని అందరూ అనుకుంటారు. మా ఇంట్లో ముందు బాత్‌రూం జాలీలోంచి బుడబుడమని పైకి పొంగింది. గుమ్మానికి ఇసుక బస్తాలు అడ్డం వేసి మేము బయటికి చూస్తూ నిలబడ్డాం, నీళ్ళేమో వెనక నుంచి వచ్చాయి. గంటలో ఫ్రిజ్ తేలింది. పిల్లల సర్టిఫికెట్లు బీరువా కింది అరలో ఉన్నాయి, అందుకే వాటి మాట ఎత్తను. నీళ్ళు మూడో రోజుకు తీశాయి. సంపులో మురుగు చేరితే నాలుగుసార్లు కడిగించాం. గోడల చెమ్మ మరుసటి ఎండాకాలం దాకా పోలేదు. రెండు రోజులకు భద్రకాళి చెరువు కట్ట తెగిందన్న వార్త వచ్చినప్పుడు మా వీధిలో ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు, దాని గురించి మాట్లాడుకునే ఓపిక కూడా లేదు.

2024 చివర ఆ చెరువు నీళ్ళు వదిలి పూడికతీత మొదలుపెడితే మంచి రోజులొచ్చాయనుకున్నాం. 2025 అక్టోబరు చివర మొంథా తుపానుకు వరంగల్, హనుమకొండల్లో కాలనీలు మళ్ళీ మునిగాయి.

ఇల్లు చూడడానికి అందరూ ఎండాకాలంలో వస్తారు. మీరు ఆ ఇంట్లో స్విచ్ బోర్డులు ఎంత ఎత్తున ఉన్నాయో చూడండి. బయటి గోడకు ఛాతీ దాకా టైల్సు అతికించారా? గేటు కింది భాగంలో తుప్పు ఒకే గీతలా ఉందా? అదే వీధిలో కొత్తగా కట్టే ఇళ్ళ పునాది పాత ఇళ్ళకంటే ఎంత ఎత్తు లేపుతున్నారు? వీధి చివర ఇస్త్రీ బండి అతన్ని అడగండి. యజమాని చెప్పడు, బ్రోకరు అసలే చెప్పడు, ఇస్త్రీ అతనికి మాత్రం అబద్ధం చెప్పే అవసరం లేదు. నేనూ మా ఇల్లు అమ్మకానికి పెట్టాను. వచ్చినవాళ్ళు అడిగితే ఉన్నమాట చెప్పాను. అందుకే ఇంకా ఇక్కడే ఉన్నాను.

ఇంకొక మాట. గోపాల్‌పూర్ ఫ్లాటు పై అంతస్తులో ఉంది కాబట్టి భయం లేదనుకోకండి, ఆ చుట్టుపక్కలా నీళ్ళు నిలిచిన కాలనీలున్నాయి. మీ పడకగది మునగకపోవచ్చు. కింద పార్కింగులో బండి, నీళ్ళ మోటారు, కరెంటు మీటర్లు మునుగుతాయి. లిఫ్టు ఆగితే అమ్మగారు మళ్ళీ పైనే ఉండిపోతారు.

మంచి బేరం

నాకు కమీషను ఏమీ లేదు. సలహా చెప్పాను, అంతే.

దస్తావేజు

రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా 30 ఏళ్ళకు పైగా దస్తావేజులు రాసినవాణ్ణి. ముందు లెక్క సరిచేసుకోండి నాయనా. మీ దగ్గరున్నది 75 లక్షలు, ఇంటికి పెట్టగలిగేది 75 కాదు.

స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి మన రాష్ట్రంలో 7.5 శాతం. కడుతూ ఉన్న ఫ్లాటు, అదీ 45 లక్షలు దాటినది, కాబట్టి 5 శాతం జీఎస్టీ అదనం. ఆ లెక్కన 70 లక్షల ఫ్లాటుకు జీఎస్టీ మూడున్నర లక్షలు, రిజిస్ట్రేషన్‌కు అయిదుంబావు. మొత్తం 78 లక్షల 75 వేలు. భీమారం ఇల్లు 76కే తెగితే 81 లక్షల 70 వేలు అవుతుంది. అంటే మీ మూడింటిలో రెండు ఇప్పటికే చేయి దాటాయి. మిగిలింది 68 లక్షల 80 వేల హంటర్ రోడ్డు ఇల్లు, దాని సంగతి పైన చదివారు. ధర 50 లక్షలు దాటితే ఒక శాతం పన్ను మినహాయించుకుని ప్రభుత్వానికి మీరే కట్టాలి. అమ్మేవాడి సొమ్మే అయినా మరిచిపోతే నోటీసు మీకే వస్తుంది.

ఇక కాగితాలు. ఈసీ, అంటే ఆస్తి మీది లావాదేవీల ధ్రువపత్రం, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల దస్తావేజులు, అందరూ చూస్తారు, ఊరి పటం గ్రామ నక్షా మాత్రం చూడరు. సర్వే నంబరు చెరువు శిఖంలో, అంటే నీళ్ళు నిలిచే భూమిలో పడిందా, పక్కన వాగు గీత ఉందా అన్నది నక్షాలోనే కనిపిస్తుంది. 2012 నాటి 168వ జీవో ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు నిండు నీటి హద్దు నుంచి ముప్పై మీటర్లు, పది మీటర్ల వెడల్పు దాటిన వాగుకు తొమ్మిది మీటర్లు వదలాలి. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో, అంటే 22ఏలో, నంబరు ఉందేమో చూడండి. హంటర్ రోడ్డు ఇంట్లో ఆ పై పోర్షనుకు అనుమతి ఉందా? ఇంటి పన్ను రసీదు చూపించి అనుమతి ఉందంటారు. పన్ను అక్రమ కట్టడానికీ వేస్తారు, వసూలు చేస్తారు, రసీదూ ఇస్తారు.

కోట గుమ్మం

ఇంతమంది మాట్లాడారు, ఒక్కరి నోటా వరంగల్ రాలేదు. హనుమకొండ వాళ్ళకు వరంగల్ అంటే ఎంజీఎం ఆస్పత్రి, రైల్వే స్టేషను, పెళ్ళి బట్టలు. పని పడితే వచ్చే ఊరు. శివనగర్, కరీమాబాద్, రంగశాయిపేటల్లో పాత ఇళ్ళున్నాయి, ఇరుగుపొరుగు ఉన్నారు, నడిచే దూరంలో కూరగాయలున్నాయి. రాళ్ళు విసరకముందే నేనే చెబుతాను: అక్కడా పల్లపు వీధులున్నాయి, వాన పడితే అండర్ బ్రిడ్జి కింద మడుగు. కోట వైపు పాత ఇల్లు కొని పడగొట్టి కడదామనుకుంటే కుదరదు, రక్షిత కట్టడానికి వంద మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత రెండు వందల మీటర్లకు అనుమతి కావాలి.

రెండో షిఫ్టు

మీ అండర్ బ్రిడ్జి దాటి టీచరు గారు కాజీపేట వెళ్ళి రావాలా? పాపం.

కాజీపేట జంక్షన్

నాకు ఒకటే అర్థం కాలేదు. భర్త హనుమకొండలో, భార్య కాజీపేటలో. చూసిన మూడిళ్ళలో ఒక్కటీ కాజీపేట దారిలో లేదు. నిట్ చుట్టుపక్కల, వడ్డేపల్లి వైపు ఎందుకు చూడలేదు? కొత్తదే కావాలన్న పంతం వదిలితే, లిఫ్టు ఉన్న ఎనిమిది, పదేళ్ళ ఫ్లాట్లు దొరుకుతాయి. పూర్తయిన భవనం కాబట్టి జీఎస్టీ లేదు, దస్తావేజు గారి లెక్కలో అక్కడే మూడున్నర లక్షలు మిగులుతాయి. ఎనిమిది వానాకాలాలు చూసిన భవనం తన జబ్బులు దాచుకోలేదు కూడా.

ఇంకా ముందుకు, మడికొండ దాకా మాత్రం వెళ్ళకండి. నగరం చెత్త చేరే యార్డు అటే ఉంది. గాలి ఇటు తిరిగిన రోజు అద్దెకున్నవాళ్ళనే అడగండి. 2023 జూలైలో రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరిగాక మా వైపు ప్రతి బ్రోకరూ రైల్వే మంత్రిలా మాట్లాడుతున్నాడు. మామునూరు విమానాశ్రయానికి 2025లో అనుమతి వచ్చాక అటువైపూ అదే పాట. మీరు ఉండడానికి కొంటున్నారు, రైలు పెట్టెలు చేయడానికి కాదు.

భీమారం మేడ

పాత ఫ్లాటు! 45 లక్షల రుణానికి ఇరవై ఏళ్ళపాటు నెలకు 39 వేలు కట్టేది, చివరికి ముప్పై ఏళ్ళ పాత భవనంలో వాటా కోసమా? అది తీరేసరికి మీ బాబు ఏమంటాడో ఆలోచించండి.

కాజీపేట జంక్షన్

ఆ బాబు అప్పటికి ఏ ఊళ్ళో ఉంటాడో మీకు తెలుసా అన్నా? ఈ పదేళ్ళూ ఎలా గడుస్తాయన్నదే ఆయన అడిగింది.

బాలసముద్రం రెండో అంతస్తు

అందరికీ నమస్కారం. ఆదివారం హంటర్ రోడ్డు ఇంటికి మళ్ళీ వెళ్ళాం. స్విచ్ బోర్డులు నా భుజం ఎత్తున ఉన్నాయి. మొదటిసారి చూసినప్పుడు పిల్లలకు అందకుండా పెట్టారని మేమిద్దరం మెచ్చుకున్నాం కూడా. ఇస్త్రీ అతను ఏమీ చెప్పలేదు, తన బండి వెనక గోడ మీదున్న మరక చూపించాడు. మా ఆవిడ ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు.

భీమారం ఇంటికి ఈసారి అమ్మను తీసుకెళ్ళాను. గుమ్మం ముందు మెట్టు మీద పావుగంట కూర్చుంది, మట్టి చేత్తో తీసి చూసింది. చాలా నచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది. వచ్చేటప్పుడు కారులో, 'పిల్ల చీకటి పడ్డాక ఒక్కతే ఇంత దూరం వస్తుందా?' అని ఒక్క మాట అడిగింది. నా దగ్గర జవాబు లేదు. భీమారం మేడ గారూ, మీ మాట తప్పని కాదు, మా ఇంటి లెక్క వేరుగా ఉంది.

నిన్న వడ్డేపల్లి వైపు ఒక ఫ్లాటు చూశాం. తొమ్మిదేళ్ళది, మొదటి అంతస్తు, లిఫ్టు ఉంది, మూడు గదులు, 1,350 అడుగులు, 62 లక్షలు. గదులు చిన్నవి, వంటగదిలో వెలుతురు తక్కువ. అయినా మా ఆవిడ తన బడి నుంచి అక్కడికి ఎంతసేపు పడుతుందో బండి మీద వెళ్ళి చూసి వచ్చింది, అంటే మనసులో ఉన్నట్టే. భవనం చెరువుకు బాగా దగ్గర. నాలా పక్కింటి అన్నా, భయపడాలా?

నాలా పక్కింటివాడు

చెరువుకు దగ్గరని భయం లేదు తమ్ముడూ, ఎటు పక్క ఉందన్నదే చూడాలి. కట్టకు పైన ఉంటే నిండు నీటి హద్దు చూసుకోవాలి, కింద ఉంటే మత్తడి నీళ్ళు ఏ వీధిలోంచి పోతాయో చూసుకోవాలి. ఫోటోల్లో తెలియదు. శనివారం వాన ఉందంటున్నారు. పడటం మొదలుకాగానే ఫోను చేయండి, గొడుగు తీసుకుని నేనూ వస్తాను.