హ్యాష్‌రేటు ఎగుడుదిగుడుగా ఉండే చిన్న చైన్‌లో డిఫికల్టీని ఎలా సవరించాలి?

ప్రశ్న (తిరుపతి):
మా కళాశాల ప్రయోగశాలలో నిమిషానికి ఒక బ్లాకు వచ్చేలా చిన్న ప్రూఫ్ ఆఫ్ వర్క్ చైన్ (యంత్రాలు లెక్కల పోటీతో, అంటే మైనింగ్‌తో, బ్లాకులు చేర్చే బ్లాక్‌చైన్) నడుపుతున్నాము. గత 144 బ్లాకుల (ఇదే మా విండో) సగటు వ్యవధిని బట్టి డిఫికల్టీ, అంటే బ్లాకు దొరకడానికి చేయాల్సిన లెక్కల కష్టం, మారుతుంది. సాయంత్రం తరగతులు ముగిశాక యంత్రాలన్నీ మైనింగ్‌లోకి వచ్చి హ్యాష్‌రేటు (సెకనుకు జరిగే లెక్కల సంఖ్య) ఎనిమిది రెట్లవుతుంది. ఉదయం అవి తప్పుకోగానే బ్లాకులు నత్తనడక నడుస్తాయి. ఆ కుదుపు సర్దుకున్న తరువాత కూడా డిఫికల్టీ మళ్లీ ఊగుతోంది. విండోను చిన్నది చేస్తే సరిపోతుందా?

జవాబు (చిత్తూరు):
విండోను తగ్గించినా ఆ ఊగిసలాట పోదండి. సాధారణ సగటులో కొత్త బ్లాకు చేరినప్పుడే కాక, పాత బ్లాకు విండో నుంచి జారిపోయినప్పుడు కూడా డిఫికల్టీ కదులుతుంది కనుక, రాత్రి వేగంగా వచ్చిన బ్లాకుల గుంపు బయటికి పోతూ మరొక కుదుపునిస్తుంది. 2017 నవంబరులో, బిట్‌కాయిన్ నుంచి చీలిన బిట్‌కాయిన్ క్యాష్ తెచ్చుకున్న 144 బ్లాకుల సగటుకు ఈ జబ్బే ఉండేది; లాభం చూసుకుని చైన్లు మారే మైనర్లు దాన్ని ఇంకా ముదిరేలా చేశారు. 2020 నవంబరులో వారు అసర్ట్ (ASERT) అనే సవరణ పద్ధతికి మారారు. అందులో విండోయే లేదు. ముందే నిర్ణయించిన ఒక బ్లాకు నుంచి లెక్కిస్తే చైన్ తన కాలపట్టిక కన్నా ఎంత ముందుందో, ఎంత వెనకబడిందో మాత్రమే అది చూస్తుంది. రైలు రేణిగుంట చేరేసరికి ఎంత ఆలస్యమైందన్నదే లెక్క, వెంకటగిరిలో ఆగిందా శ్రీకాళహస్తిలో ఆగిందా అన్నది అనవసరం. ఆలస్యం ఒక అర్ధాయువు (ముందే ఎంచుకున్న నిర్ణీత వ్యవధి) మేర పెరిగితే డిఫికల్టీ సగమవుతుంది. అంతే ముందుకు పోతే రెట్టింపవుతుంది.

జవాబు (తిరుపతి):
పై సలహా సరైనదే, కానీ వారి అర్ధాయువును యథాతథంగా తీసుకోవద్దు. అక్కడ అది 2 రోజులు, అంటే పది నిమిషాలకొకటి చొప్పున 288 బ్లాకుల కాలం. మీరూ 288 నిమిషాలు పెట్టుకుంటే, ఎనిమిదో వంతుకు పడిపోయిన హ్యాష్‌రేటుకు తగినట్టు డిఫికల్టీ దిగిరావడానికి మూడు అర్ధాయువుల ఆలస్యం, అనగా 14 గంటలకు పైగా, పోగుపడాలి. ఈలోగా మీ యంత్రాలు మళ్లీ వచ్చేస్తాయి. 60 నిమిషాలైతే 3 గంటల ఆలస్యంతో సర్దుకుంటుంది. అప్పుడు ఒక బ్లాకు వెనువెంటనే వచ్చినా డిఫికల్టీ 1.2 శాతానికి మించి పెరగదు కనుక, ఆ మాత్రం అలజడిని భరించవచ్చని నా అభిప్రాయం.

జవాబు (చిత్తూరు):
అర్ధాయువును అంత కుదిస్తే టైమ్‌స్టాంపులతో (బ్లాకులో మైనరు రాసే సమయంతో) చిక్కు వస్తుంది. బిట్‌కాయిన్ నియమం ప్రకారం బ్లాకు సమయం 2 గంటల వరకు భవిష్యత్తులో ఉండవచ్చు. 2 రోజుల అర్ధాయువులో ఆ అబద్ధపు సమయం తరువాతి బ్లాకు డిఫికల్టీని 3 శాతం కూడా తగ్గించలేదు. 60 నిమిషాలలో మాత్రం నాలుగో వంతుకు దించేస్తుంది. నిజమైన సమయంతో మరో బ్లాకు వస్తే లెక్క తిరిగి సరవుతుంది గానీ, ఈలోగా ఒకరికి చౌకగా బ్లాకు దొరికినట్టే. కాబట్టి ఆ హద్దును 2 లేదా 3 నిమిషాలకు తగ్గించి, యంత్రాల గడియారాలను ఒకే సర్వరుతో సరిచూసుకోండి. డిఫికల్టీని సగం, రెట్టింపు చేసే 2 యొక్క ఘాతాన్ని ఫ్లోటింగ్ పాయింటులో (ఉజ్జాయింపు దశాంశ సంఖ్యలలో) లెక్కించవద్దు. రెండు యంత్రాలలో చివరి అంకె తేడా వచ్చినా చైన్ చీలిపోవచ్చు. బిట్‌కాయిన్ క్యాష్‌లో అందుకే పూర్ణాంకాలతోనే ఉజ్జాయింపు కడతారు.