అప్‌డేట్: కారం పొడికి డిస్క్రిప్షన్ మార్చాక రిటర్న్‌లు తగ్గాయి

గుంటూరు నుంచి ఆన్‌లైన్‌లో కారం అమ్ముతున్నాం, ‘మరీ ఘాటు’ అని వెనక్కి పంపుతున్నారు, డిస్క్రిప్షన్ ఎలా రాయాలి అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

‘మిర్చి రకం రాయండి’ అన్న సలహానే పనిచేసింది. ‘స్వచ్ఛమైన, నాణ్యమైన’ లాంటి మాటలు తీసేసి తేజ, 334 సన్నం, బ్యాడిగి అనే మూడు మిర్చి రకాలకు వేర్వేరు పేజీలు చేశాం. తేజకు మొదటి లైన్లోనే ‘ఘాటు చాలా ఎక్కువ, మామూలుగా వేసేదాంట్లో సగంతో మొదలుపెట్టండి’ అని, బ్యాడిగికి ‘రంగు ఎక్కువ, కారం తక్కువ’ అని రాశాం. తొడిమలు తీసి ఆడించామా, నూనె కలిపామా అన్నది కూడా తప్పకుండా రాయండి, ఫోన్‌లో అందరూ అడిగేది అదే.

ఘాటు ఫిర్యాదులు దాదాపు ఆగిపోయాయి, టెన్షన్ తగ్గింది. కొత్త ఫొటోలు, డిస్కౌంట్ వల్ల మాత్రం తేడా ఏమీ రాలేదు. ఆవకాయకు ఏ రకం మంచిదో ఇంకా అడుగుతున్నారు, ఆ లైన్ కూడా చేరుస్తున్నాం.